కిట్ కారు డిజైన్ కాపీ కొట్టాలా, సొంతంగా కట్టాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, సెవెన్ తరహా చిన్న స్పోర్ట్స్ కార్లకు ఛాసిస్‌లు, అంటే కారుకు అస్థిపంజరం లాంటి ఫ్రేములు, వెల్డ్ చేయడం నా పని. తెలుగువాళ్లలో ఈ పిచ్చి ఉన్నవాళ్లు కొద్దిమందే అయినా, వాళ్లు నన్ను అడిగేది మాత్రం దాదాపు ఒకటే: "అన్నా, ఫలానా కంపెనీ కిట్ దొరికితే టేపు పెట్టి కొలిచేసి అదే కట్టేసుకోవచ్చు కదా, మళ్లీ మొదటి నుంచి డిజైన్ ఎందుకు?"

సెవెన్ గురించి తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. 1957లో కోలిన్ చాప్‌మన్ నడిపిన లోటస్ కంపెనీ తెచ్చిన రెండు సీట్ల కారు అది, బరువు 500 కిలోలకు అటూ ఇటూ. అప్పట్లో పూర్తిగా బిగించిన కారు కొంటే పర్చేజ్ టాక్స్ పడేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు, అందుకే కిట్‌లకు అంత గిరాకీ. 1973లో వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది, అదే ఏడాది ఈ కారు హక్కులు కేటర్‌హామ్ చేతికి వెళ్లాయి, ఇప్పటికీ వాళ్లు దాన్ని తయారుచేస్తూనే ఉన్నారు. దాన్ని చూసి కారు కట్టిన కంపెనీలు చాలా ఉన్నాయి, ఇళ్లలో కట్టుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువ. అంటే కాపీ ఈ రంగంలో కొత్తదీ కాదు, తలదించుకోవాల్సిన పనీ కాదు. ఏది కాపీ కొడుతున్నామో తెలియకుండా కొట్టడమే అసలు ఇబ్బంది.

అపోహ: కొలతలు దొరికితే డిజైన్ దొరికినట్టే

నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఛాసిస్ చూస్తే 25 మిల్లీమీటర్ల చదరపు ట్యూబులు, అటూ ఇటూ ఏటవాలు ముక్కలు, అంతే కనిపిస్తుంది, కొలవడం ఒక్కరోజు పని. కానీ ఆ ట్యూబులు అక్కడ ఎందుకున్నాయో కొలతల్లో ఉండదు. కంపెనీవాడు ముందు చక్రం అప్‌రైట్ (హబ్బును పట్టుకునే ముక్క) ఏ కారుదో, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే అడ్డంగా కదిలి చక్రాలను తిప్పే భాగం) ఏదో, టైరు సైజు ఎంతో నిర్ణయించుకుని, వాటికి తగ్గట్టు విష్‌బోన్ (అప్‌రైట్‌ను ఛాసిస్‌కు కలిపే చేయి) బిగించే చోట్లు పెట్టి, ఆ తర్వాతే వాటిని కలుపుతూ ట్యూబులు వేశాడు. మీరు ట్యూబులు కాపీ కొట్టి, చౌకగా దొరికిందని ఇంకో కారు అప్‌రైట్ తగిలిస్తే ఆ డిజైన్ అక్కడితో పోయింది. పైకి అదే కారులా ఉంటుంది, నడకలో వేరే కారు.

దీన్ని షెడ్డులోనే కళ్లారా చూడొచ్చు. స్ప్రింగ్ తీసేసి, స్టీరింగ్ కదలకుండా బిగించి, హబ్బుకు ఒక చదునైన ప్లేటు కట్టి, దాని ముందు అంచున ఒక డయల్ గేజ్, వెనక అంచున ఒకటి ఆనించి, జాకీతో చక్రాన్ని మెల్లగా పైకీ కిందికీ కదపండి. రెండు గేజ్‌లూ దాదాపు ఒకేలా కదిలితే మంచిదే. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా కదులుతుంటే, గతుకు తగిలిన ప్రతిసారీ మీరు స్టీరింగ్ తిప్పకుండానే చక్రం తిరుగుతోందన్నమాట, దీన్నే బంప్ స్టీర్ అంటారు. చక్రం పైకి వెళ్లినప్పుడు ఒక దిక్కుకూ కిందికి దిగినప్పుడు రెండో దిక్కుకూ తిరిగితే ర్యాక్ ఎత్తులోనో, స్టీరింగ్ ఆర్మ్ ఎత్తులోనో తేడా ఉంది. పైకెళ్లినా కిందికొచ్చినా ఒకే దిక్కుకు తిరిగితే ర్యాక్ పొడవో, దాన్ని చక్రానికి కలిపే టై రాడ్ పొడవో సరిపోలేదు. కాపీ కొట్టిన ఛాసిస్‌కు వేరే కారు అప్‌రైట్లు వేసినవాళ్లలో చాలామందికి ఈ రెండూ కలిసి వస్తాయి. ర్యాక్ బ్రాకెట్లు అప్పటికే ఫుల్ వెల్డ్ చేసేసి ఉంటే ఇక కోసి తీయడమే, అందుకే ఈ పరీక్ష అయ్యేదాకా బ్రాకెట్లకు ట్యాక్ వెల్డ్ (తాత్కాలికంగా పెట్టే చిన్న చుక్కల వెల్డ్) దాటొద్దని అందరికీ చెబుతాను.

వెనకవైపు కూడా ఇదే గొడవ. పాత డిజైన్లు ఫోర్డ్ ఎస్కార్ట్ లైవ్ యాక్సిల్‌ను (వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) దృష్టిలో పెట్టుకుని గీసినవి. ఇప్పుడు అందరూ మాజ్దా ఎంఎక్స్-5 విడిభాగాల వెంట పడుతున్నారు, మంచి ఎంపికే, కాదనను. కానీ ఆ కారులో గేర్‌బాక్స్‌నూ డిఫరెన్షియల్‌నూ (ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) కలుపుతూ ఒక పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఉంటుంది. సీట్ల మధ్య ఉండే సన్నటి టనెల్‌లో పట్టడం లేదని దాన్ని తీసేస్తే డిఫరెన్షియల్ ముక్కును పట్టుకునేది ఏదీ ఉండదు, యాక్సిలరేటర్ తొక్కగానే అది పైకి లేవాలని చూస్తుంది. ముందువైపు ఇంకో మౌంట్ కట్టి, ఆ బలాన్ని ఛాసిస్‌లో నాలుగు వైపులా పంచాలి. ఎస్కార్ట్ కోసం గీసిన డ్రాయింగులో ఆ మౌంట్ మీకెక్కడా కనిపించదు.

అపోహ: కాపీ కొడితే కేసు ఖాయం / ఇంట్లో కట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు

రెండు వాదనలూ వింటుంటాను, రెండూ సగం సగమే. బ్రిటన్‌లో రిజిస్టర్డ్ డిజైన్‌కు గరిష్ఠంగా 25 ఏళ్ల రక్షణ, రిజిస్టర్ చేయని డిజైన్ హక్కుకు అంతకంటే తక్కువ. సొంతానికి, వ్యాపారం కాకుండా ఒకటి కట్టుకుంటే ఈ రెండూ అడ్డురావు. అమ్మకం మొదలుపెట్టిన రోజు నుంచి లెక్క వేరు. ఇంకొకరి ఫైబర్‌గ్లాస్ బాడీ మీద నేరుగా మోల్డ్ తీసుకోవడాన్ని మా రంగంలో స్ప్లాష్ తీయడం అంటారు. తమ్ముడికొకటి, స్నేహితుడికొకటి అంటూ డబ్బులు తీసుకుని ఇచ్చినా అది వ్యాపారమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, అసలు మోల్డ్ కోసం నెలల తరబడి పుట్టీ రుద్దినవాడి కష్టాన్ని అలా ఎత్తుకుపోవడం నాకు నచ్చదు, అలాంటి బాడీ తెస్తే నేను పని ఒప్పుకోను.

అమెరికాలో రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదవండి. ఫెరారీ డేటోనా, టెస్టరోసా ఆకారాలతో ఫైబర్‌గ్లాస్ కిట్‌లు అమ్మిన వ్యక్తి మీద ఫెరారీ వేసిన కేసులో 1991లో అప్పీల్ కోర్టు ఫెరారీ పక్షానే నిలిచింది. కోబ్రా అనే స్పోర్ట్స్ కారు ఆకారం విషయంలో కారల్ షెల్బీ కంపెనీ వేసిన కేసులో 2002లో మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు. ఆ ఆకారం చూడగానే కొనేవాళ్లకు ఒకే తయారీదారు గుర్తొస్తాడని రుజువు కాలేదంది. పాత కారే కదా అని అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. ఇక బ్యాడ్జీ, పేరు మాత్రం ఎక్కడా ముట్టుకోవద్దు.

అపోహ: సొంతంగా కడితే కారు చవకలో వస్తుంది

1996లో ఇక్కడ ఒక స్కూల్ టీచర్ రాసిన పుస్తకం 250 పౌండ్లకే కారు కట్టొచ్చని చెప్పింది, లోకాస్ట్ అనే పేరు అలా స్థిరపడింది. పుస్తకం మంచిది, ఎంతోమందిని వెల్డింగ్ పట్టేలా చేసింది. కానీ ఇప్పుడు రోడ్డు మీదికి తేవడానికి కట్టే పరీక్ష ఫీజే 250 పౌండ్లు దాటుతుంది. టైర్లు, బ్రేక్ పైపులు, వైరింగ్, ఇన్సూరెన్స్ దానికి అదనం. డబ్బు మిగలాలంటే ఎవరో సగంలో వదిలేసిన మంచి కంపెనీ కిట్ కొనుక్కోండి.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు కనిపించకపోతే ఛాసిస్ గట్టిదే

ఇది ఇంజినీరింగ్ చదివిన మనవాళ్లది. ఛాసిస్ మోడల్ మీద కంప్యూటర్‌లో లోడ్ వేసి చూస్తే ఒత్తిడి ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం కనిపిస్తుంది. మోడల్‌ను ఎక్కడ బిగించారు, ఎక్కడ లోడ్ ఇచ్చారు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ట్యూబులన్నీ నీలం రంగులో చూపించి, విష్‌బోన్ బ్రాకెట్‌ను అసలు మోడల్‌లోనే పెట్టని రిపోర్టులు చాలా చూశాను, తీరా పగిలేది ఆ బ్రాకెట్టే. ఈ కార్లలో బలహీనమైన చోటు ఇంజిన్ ఉండే గది. ఇంజిన్ పైనుంచి దిగాలి కాబట్టి పైన ఏటవాలు ట్యూబు శాశ్వతంగా వేయలేం, బోల్టులతో తీసి పెట్టుకునేది వేయాలి. వెనకవైపు గట్టిగా బిగించి, ముందు అడ్డంగా ఒక దూలం కట్టి, ఒక చివర తెలిసిన బరువు వేలాడదీసి ఛాసిస్ ఎంత మెలి తిరిగిందో గేజ్‌తో చూడండి. పెద్ద ఖర్చేమీ కాదు, ఆస్ట్రేలియాలో సొంత కార్లకు ఇలాంటి పరీక్షలే అడుగుతారు.

అపోహ: వెల్డ్ నున్నగా గ్రైండ్ చేస్తే మంచి పనితనం

లోహం తగ్గిపోతుంది. అలాగే వదిలేయండి.

అపోహ: సొంత డిజైన్ అంటే అన్నీ కొత్తవే ఉండాలి

అక్కర్లేదు. నా సలహా ఎప్పుడూ ఒకటే: ఒకే డోనర్ కారు (విడిభాగాల కోసం విప్పే పాత కారు) తీసుకోండి, దాని అప్‌రైట్లు, ర్యాక్, బ్రేకులు ఒక సెట్‌గా వాడండి, ఆ కంపెనీ ఇంజినీర్లు పెట్టిన జ్యామితిని వీలైనంత వరకు అలాగే ఉంచండి. డ్రాయింగులు బయటికిచ్చిన డిజైన్ ఏదైనా మీ డోనర్‌కు సరిపోతే దాన్నే కట్టండి. ఎక్కడ మార్చాల్సి వస్తుందో అక్కడ మాత్రం కూర్చుని లెక్క వేయండి. కూర్చునే చోటు, పెడళ్లు, ఎత్తు మీ ఇష్టం, ఆరడుగుల మనిషికి పాత సెవెన్‌లో మోకాళ్లు పట్టవు, కాబట్టి వెడల్పు పెంచడం తప్పేమీ కాదు.

అపోహ: కట్టేస్తే చాలు, రిజిస్ట్రేషన్ ఎలాగోలా అవుతుంది

బ్రిటన్‌లో ఐవీఏ పరీక్ష, అంటే ఒక్కో బండినీ విడిగా చూసి ఆమోదించే పరీక్ష, దాటాలి. 100 మిల్లీమీటర్ల బంతి తగిలే బయటి అంచులకు కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం ఉండాలి, బ్రేక్ వేస్తే వెనక చక్రాలు ముందే లాక్ కాకూడదు, తిప్పిన స్టీరింగ్ వదిలితే మధ్యకు రావాలి. ఈ చివరిది చాలామందికి టెన్షన్ పెడుతుంది, క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) కాపీలో తప్పితే అక్కడే దొరికిపోతారు. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి, కాలిఫోర్నియాలో ఎస్‌బీ-100 అనే చట్టం కింద పొగ నిబంధనల్లో సడలింపు ఏడాదికి 500 బండ్లకే.

హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ అడిగే తమ్ముళ్లకు సూటిగానే చెబుతాను: మన దగ్గర ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కదు. ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థ ఆ మోడల్‌కు ఇచ్చే ఆమోదం (టైప్ అప్రూవల్) లేకుండా రిజిస్ట్రేషన్ కాదు. ఉన్న కారునే కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కాబట్టి ఆ ఉత్సాహాన్ని బాహా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి కాలేజీ పోటీల్లో పెట్టండి. ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీల్లో వెయ్యి మార్కుల్లో 150 డిజైన్‌వే, జడ్జీలు ప్రతి ట్యూబు దగ్గరా ఆగి ఇది ఇక్కడెందుకు అని అడుగుతారు. పోయినేడాది సీనియర్ల ఫ్రేమ్‌నే దించిన టీమ్ దగ్గర దానికి జవాబు ఉండదు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లు మొదటి ట్యూబు కోసే ముందు నుంచే ఫొటోలు తీయండి, రసీదులు దాచండి. కారు మీరే కట్టారని ఐవీఏ దరఖాస్తుతో రుజువు ఇవ్వాలి, ప్యానెళ్లు వేసేశాక లోపలి వెల్డింగుల ఫొటోలు తీయడం కుదరదు.