నోటుబుక్కులు ఎవరు కొన్నట్టు?

జూన్ వచ్చిందంటే బడిపిల్లలున్న ఇంట్లో నోటుబుక్కులు, పెన్నులు, పలకల ఖర్చు తప్పదు. ఆ ఖర్చేదో సర్కారు పెట్టుకుంటే పిల్లలకు చదువు బాగా వస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఒక పెద్ద ప్రయోగం ఈ నమ్మకాన్ని కూడా పరీక్షకు పెట్టింది.

రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి 5 జిల్లాల్లో 500 పల్లె బడులను తీసుకున్నాయి. ఏ బడికి ఏ సాయం అందాలో లాటరీ తీసి తేల్చారు. హెడ్మాస్టరు చురుగ్గా ఉన్న బడులనే ఏరి డబ్బిస్తే, రేపు మార్కులు పెరిగినా అది డబ్బు మహిమో, హెడ్మాస్టరు మహిమో చెప్పలేం. లాటరీ తీస్తే చురుకైనవాళ్లూ, బద్ధకస్తులూ అన్నివైపులా ఇంచుమించు సమానంగా పడతారు.

100 బడులకు ఏటా సుమారు 10,000 రూపాయల చొప్పున గ్రాంటు వచ్చింది. గదులు కట్టడానికి కాదు, నోటుబుక్కులు, వర్క్‌బుక్కులు, చార్టుల్లాంటి వాటికి. మొదటి ఏడాది మార్కులు కాస్త పెరిగాయి. రెండో ఏడాది అంతే డబ్బిచ్చినా ఆ మెరుగుదల కనిపించలేదు.

మధ్యలో ఎవరో తినేశారన్న అనుమానం మనకు ముందొస్తుంది. అసలు సంగతి ఇళ్లలో బయటపడింది. మొదటిసారి గ్రాంటు గురించి తల్లిదండ్రులకు ముందుగా తెలియదు కాబట్టి ఎప్పటిలాగే కొన్నారు, బడి ఇచ్చింది దానిపైన అదనం. మరుసటేడు ‘బళ్లో ఇస్తారుగా’ అని చేయి బిగబట్టారు. పిల్లాడి సంచిలో పెరిగిందేమీ లేదు.

ఇందులో తల్లిదండ్రులను తప్పుపట్టడానికేం లేదు. మిగిలిన డబ్బు ఇంట్లో ఇంకో అవసరానికి పనికొస్తుంది. కుటుంబానికి ఊరటే కావాలనుకుంటే పథకం ఫలించినట్టే. చదువు పెరగాలనుకుంటే మాత్రం ఇంట్లోవాళ్లు తేలిగ్గా కొనలేనిది ఇవ్వాలి.

అదే ప్రయోగంలో మరో 100 బడులకు ఒక్కో కాంట్రాక్టు టీచర్‌ను అదనంగా ఇచ్చారు. రెండేళ్లకు లెక్కల్లోనూ, తెలుగులోనూ పిల్లలు స్పష్టంగా ముందుకెళ్లారు. రెగ్యులర్ టీచర్లు 27 శాతం రోజులు బడికి రాకపోతే, చదువులోనూ శిక్షణలోనూ తక్కువైన ఈ కాంట్రాక్టు టీచర్ల గైర్హాజరు 18 శాతమే. అప్పట్లో వాళ్ల జీతమేమో రెగ్యులర్ జీతంలో ఐదో వంతు కూడా ఉండేది కాదు. ఆ జీతానికి వాళ్లతో ఎన్నాళ్లు పని చేయించుకోవడం న్యాయమో ఏ లాటరీ చెప్పదు. అది ప్రభుత్వమూ, యూనియన్లూ, ఓటేసే మనమూ తేల్చుకోవాల్సిన బేరం.