ఫిట్టింగు కూలి: విజయనగరం సైకిలు షాపుల వెనకటి కథ

పోయిన వేసవి సెలవుల్లో ఒక ఆదివారం ఉదయం విజయనగరం గంటస్తంభానికి దగ్గరలోని ఒక సైకిలు షాపు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక తండ్రీ, పదమూడేళ్ల కొడుకూ కలిసి పొడవాటి అట్టపెట్టెను జాగ్రత్తగా దించారు. ఫోనులో ఆర్డరు పెడితే ముందురోజు ఇంటికి వచ్చిన కొత్త సైకిలు అది. ముందు చక్రం, సీటు, పెడళ్లు విడివిడిగా ఉన్నాయి. షాపులోని పెద్దాయన పెట్టెలోకి ఒకసారి చూసి, అన్నీ బిగించి బ్రేకులు, గేర్లు సరిచేసి ఇవ్వడానికి 400 రూపాయలవుతుందన్నారు. "కొత్త సైకిలుకు కూలేటండీ?" అని తండ్రి ఆశ్చర్యపోయాడు. "కొన్నకాడ బిగించి ఇవ్వలేదు కద బాబూ, ఆ పని ఎవలో ఒకలు చెయ్యాల కదా" అని ఆయన బదులిచ్చారు. ఇద్దరి గొంతులోనూ నొచ్చుకున్నతనం వినిపించింది. పాత సైకిలుకు ట్యూబు మార్పించుకోవడానికి వెళ్లి నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఆ తండ్రి ప్రశ్న అన్యాయమైనది కాదు, ఎందుకంటే ఈ ఊళ్లో తాతల కాలం నుంచి కొత్త సైకిలు కొన్నవారెవరూ ఫిట్టింగుకు విడిగా డబ్బు కట్టి ఎరగరు. పెద్దాయన అడిగిన కూలి కూడా అన్యాయమైనది కాదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎలా ఎదురయ్యాయో తెలియాలంటే సైకిలు షాపు ఇన్నాళ్లూ దేనిమీద బతికిందో ముందు చూడాలి.

స్వాతంత్ర్యానికి ముందు మన దేశంలో తిరిగిన సైకిళ్లలో ఎక్కువ భాగం ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చినవే. రాలీ, హెర్క్యులస్, బీఎస్‌ఏ, హంబర్ వంటి పేర్లు ఆ కాలపు ఉద్యోగస్థుల ఇళ్లలో హోదాకు గుర్తులు. సామాన్యుడి చేతికి సైకిలు అందింది 1950ల తర్వాతే. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లోనూ, సోనేపట్‌లో అట్లాస్ 1951లోనూ, లూధియానాలో హీరో సైకిల్స్ 1956లోనూ మొదలయ్యాయి. సైకిలు విడిభాగాల తయారీని ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు కేటాయించడంతో లూధియానా వీధుల్లో వందలాది చిన్న కార్ఖానాలు వెలిశాయి. 1986 నాటికి హీరో సంస్థ ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు తయారుచేసేదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది.

మన కథకు అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. ఈ కంపెనీలన్నీ తయారుచేసిన నల్లటి పెద్ద సైకిలు ఇంచుమించు ఒకే నమూనాది. 28 అంగుళాల చక్రాలు, ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40 చువ్వలు, కడ్డీ బ్రేకులు, కాటరు పిన్నుతో బిగించే క్రాంకులు, అంటే పెడళ్లు తగిలించే కడ్డీలు, ఏ కంపెనీ సైకిలుకైనా అవే. అట్లాస్ సైకిలుకు హీరో పెడలు పట్టేది, హెర్క్యులస్ రిమ్ముకు ఎవరి చువ్వలైనా సరిపోయేవి. అందువల్ల చీపురుపల్లిలోనో గజపతినగరంలోనో నాలుగు డబ్బాల్లో బేరింగు గుళ్లు, కోనులు, వాల్వు ట్యూబులు పెట్టుకున్న చిన్న బడ్డీవాడు కూడా దారిన పోయే ఏ సైకిలునైనా బాగుచేయగలిగాడు. షాపుకు ఈ శక్తిని ఇచ్చింది ఆ ఒకే నమూనా. అది పోయిన రోజున షాపు కూడా సగం బలం కోల్పోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆ రోజుల్లో సైకిలు షాపుకు లాభం కొత్త సైకిలు అమ్మకం మీద అంతగా ఉండేది కాదు. నలభై దాటిన విజయనగరం వాసులు ఎవరినడిగినా ముందు చెప్పేది అద్దె సైకిళ్ల గురించే. షాపు ముందు వరుసగా నంబర్లు వేసిన సైకిళ్లు, పలక మీదో నోటుపుస్తకంలోనో పేరూ, టైమూ రాసుకునే కుర్రవాడు, గంట దాటితే పెరిగే అద్దె, పిల్లలు తొక్కడం నేర్చుకోవడానికి చిన్న సైకిళ్లు ఉండేవి. అద్దె తర్వాత పంక్చర్లు. టైరు లీవరుతో ట్యూబు పైకి లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టెలో చుట్టూ తిప్పుతూ బుడగలు లేచిన చోట వేలు పెట్టి గుర్తుపట్టి, అక్కడ తుడిచి, ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ రాసి, అది కాస్త ఆరేదాకా ఆగి ప్యాచీ అతికించి సుత్తితో నాలుగు దెబ్బలు వేసే పని అది. సొల్యూషన్ ఆరకముందే తొందరపడి అతికిస్తే ప్యాచీ వారం తిరక్కుండానే లేచిపోతుంది. ఆ రెండు నిమిషాలు ఆగడమే పనివాడికీ కానివాడికీ ఉన్న తేడా. వీటికి తోడు ఏడాదికొకసారి మొత్తం విప్పి కిరోసిన్‌తో కడిగి గ్రీజు పెట్టే ఓవరాయిలింగు ఉండేది.

కొత్త సైకిలు అప్పుడు కూడా సిద్ధంగా వచ్చేది కాదు. ఫ్రేములు ఒక కట్ట, రిమ్ములు ఒక కట్ట, చువ్వలూ బేరింగులూ పెట్టెల్లో లారీ పార్శిల్‌లో దిగేవి. రిమ్ముకు చువ్వలు ఎక్కించి, చక్రాన్ని తిప్పుతూ చువ్వ చివరనుండే ఒక్కొక్క నిపిలు బిగిస్తూ వదులు చేస్తూ బెండు తీసి, చక్రం నడుమనుండే హబ్బులో గుళ్లు పేర్చి, గొలుసు తగిలించి, ఒక సైకిలును నిలబెట్టడానికి మంచి పనివాడికి కూడా గంటలు పట్టేది. ఆ కూలి సైకిలు ధరలోనే కలిసి ఉండేది. కొన్న తర్వాత మొదటి నెలలో చువ్వలు సాగితే బిగించడం, బ్రేకు సరిచేయడం, కొన్నాళ్లపాటు గాలి కొట్టడం కూడా ఆ ధరలోవే. అరువు కూడా అందులోదే. నెల్లిమర్ల జూట్ మిల్లుకు షిఫ్టుకు వెళ్లే కార్మికుడూ, పల్లె బడికి వెళ్లే ఉపాధ్యాయుడూ కొంత ముందు కట్టి, మిగిలినది నెలనెలా వాయిదాల్లో తీర్చేవారు. ఇదంతా కలిపి ఒక్కటే ధరగా చెప్పడం వల్ల ఇందులో ఇనుము ఖరీదెంత, పనితనం ఖరీదెంత అని కొనేవాడు ఎన్నడూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. నేటి తగాదా మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆన్‌లైన్ అంగళ్లు రాకముందే ఈ ఏర్పాటుకు బీటలు పడ్డాయి. 1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడు పాలవాళ్లనూ కూరగాయలవాళ్లనూ సైకిలు దింపింది. 1984లో మొదలైన హీరో హోండా సైకిళ్లు చేసే కుటుంబం చేతుల మీదుగానే మోటారు సైకిలును ఊరూరా చేర్చింది. 2001 జనాభా లెక్కల్లో దేశంలోని ఇళ్లలో 43.7 శాతం సైకిలు ఉన్నవి కాగా 2011లో అది 44.8 శాతం, అంటే దాదాపు అక్కడే ఆగింది. అదే పదేళ్లలో స్కూటరు, మోటారు సైకిలు, మోపెడు ఉన్న ఇళ్లు 11.7 శాతం నుంచి 21 శాతానికి పెరిగాయి. అద్దె సైకిలు కనుమరుగైంది. సైకిలు మీద పనికి వెళ్లే పెద్దవాళ్లు తగ్గి, బడిపిల్లలే ముఖ్యమైన ఖాతాదారులయ్యారు. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం 'బడికొస్తా' పథకం కింద ఉన్నత పాఠశాలల బాలికలకు ఉచితంగా సైకిళ్లు ఇచ్చింది. పల్లె ఆడపిల్లల చదువుకు అది నిజంగా మేలు చేసిన పని. అయితే ఆ సైకిళ్లు పెద్ద మొత్తంలో కొని పంచినవి కావడంతో ఊరి షాపుకు అమ్మకం దక్కలేదు, తర్వాతి పంక్చర్లు మాత్రం దక్కాయి.

షాపు చేతిలో చివరికి మిగిలింది పిల్లల సైకిళ్లూ, యువకులు ఇష్టపడే గేరు సైకిళ్లూ. ఆన్‌లైన్ వ్యాపారం వచ్చి పడింది సరిగ్గా వీటి మీదే. 2007లో బెంగుళూరులో పుస్తకాలతో మొదలైన ఫ్లిప్‌కార్ట్ 2010లో సరుకు అందాకే డబ్బు కట్టే పద్ధతి తేవడంతో కార్డు లేని చిన్న పట్టణాల వారికి కూడా దారి తెరుచుకుంది. 2013 జూన్‌లో అమెజాన్ మన దేశంలో అమ్మకాలు ప్రారంభించింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక చౌక డేటాతో అంగడి ప్రతి ఇంటి ఫోనులోకీ చేరింది. పెద్ద అట్టపెట్టెలు 535తో మొదలయ్యే మన పిన్‌కోడ్‌లకు కూడా రావడం మొదలైంది. ఆ పెట్టెల మీద, అమ్మకం పేజీల మీద తరచుగా కనిపించే మాట '85 శాతం బిగించినది' అని. మిగిలిన 15 శాతం ఎవరు బిగిస్తారన్నది ఆ ధరలో ఉండదు.

ఆ 15 శాతంలో ఏముందో ఆ ఆదివారం పెద్దాయన పని చేస్తుండగా దగ్గరగా చూశాను. సైకిలుకు ఎడమ పెడలు మర అన్ని బోల్టుల్లా కుడివైపుకు కాకుండా ఎడమవైపుకు తిప్పితే బిగుస్తుంది. తొక్కుతున్నప్పుడు దానంతట అది ఊడిపోకుండా చేసిన ఏర్పాటు అది. పెట్టెలో వచ్చే పెడళ్ల మీద ఎడమ, కుడి అని ఇంగ్లీషులో చిన్న అక్షరం మాత్రమే ఉంటుంది. తండ్రి రాత్రి ఇంట్లో తనే బిగించబోయి కుడి పెడలును ఎడమ క్రాంకులో బలవంతంగా తిప్పాడు. క్రాంకు మెత్తటి అల్యూమినియంది, పెడలు ఇరుసు ఉక్కుది. లోపలి మర అరిగి మెరుస్తున్న పొడిగా రాలింది. పెద్దాయన వేలిని ఆ రంధ్రంలో తిప్పి, పొడిని చూపించి, "దీనికి క్రాంకు మార్చాల బాబూ, ఇది పట్టదు" అన్నారు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కూడా వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిలు బిగించి ఉంది. అలాగే తొక్కితే మలుపులో సైకిలు అదుపు తప్పుతుంది, చక్రం కాలికి తగులుతుంది. ఆ పిల్లవాడు అదే సైకిలు మీద మర్నాడు ట్యూషనుకు వెళ్లాల్సినవాడు. 400 రూపాయల కూలి ఆ పిల్లవాడి భద్రతకు కట్టే వెల అని నాకు అప్పుడు అనిపించింది.

ఆన్‌లైన్‌లో కొన్నవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. షాపులు చేజేతులా పోగొట్టుకున్నది కూడా చాలా ఉంది. చాలా షాపుల్లో సైకిలు మీద ధర చీటీ ఉండదు, మనిషిని బట్టి ధర మారుతుందన్న అనుమానం పోదు, బిల్లు అడిగితే విసుగు కనిపిస్తుంది. పదేళ్ల పాప తనకు నచ్చిన రంగు అడిగితే "ఉన్నదాంట్లో చూసుకో అమ్మా" అన్న జవాబే వచ్చేది, ఫోనులో అదే పాపకు ఇరవై రంగులు కనిపించాయి. బొబ్బిలి నుంచో సాలూరు నుంచో బస్సెక్కి వచ్చి, కావలసింది లేదని తిరిగి వెళ్లిన తండ్రి మరుసటిసారి ఇంట్లోనే కూర్చుని ఆర్డరు పెట్టడంలో ఆశ్చర్యం లేదు.

రకాలు పెరగడం షాపుకు ఇంకో విధంగా కూడా దెబ్బ తీసింది. 26, 27.5, 29 అంగుళాల చక్రాలు, డిస్కు బ్రేకుల్లో వేర్వేరు ప్యాడ్లు, ఏడు, ఎనిమిది పళ్లచక్రాల గేర్లు, ఒకదాని భాగం మరొకదానికి పట్టని అమరికలు వచ్చాయి. పాత నల్ల సైకిలుకు నాలుగు డబ్బాలు చాలిన చోట ఇప్పుడు నలభై డబ్బాలు కూడా చాలవు. అమ్మకం లేని షాపు అంత సరుకు పెట్టుబడి పెట్టి నిల్వ ఉంచలేకపోతుంది. దాంతో మెకానిక్ కూడా విడిభాగాల కోసం అదే ఫోను తెరుస్తున్నాడు.

2020 ఈ కథలో విచిత్రమైన సంవత్సరం. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ సంస్థ చివరగా మిగిలిన సాహిబాబాద్ కర్మాగారాన్ని ఆపేసింది. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే బస్సులు లేక, జిమ్ములు మూతపడి జనం సైకిళ్ల కోసం ఎగబడ్డారు. షాపుల్లో సరుకు లేదు, వచ్చిన నాలుగూ వచ్చినట్టే వెళ్లిపోయాయి. అప్పుడు ఫోను వైపు తిరిగినవారిలో చాలామంది మళ్లీ షాపు గడప తొక్కలేదు. మూలనపడ్డ పాత సైకిళ్లు మాత్రం రిపేరుకు బయటికొచ్చి, మెకానిక్కులకు చాలా ఏళ్ల తర్వాత చేతినిండా పని దొరికింది.

చట్టం కొంతవరకు జోక్యం చేసుకుంది. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ వేదికలు సరుకును తమ అదుపులో ఉంచుకోకూడదని, ధరలను ప్రభావితం చేయకూడదని, ఒక కంపెనీ సరుకు తమ దగ్గర మాత్రమే అమ్మాలని ఒత్తిడి తేకూడదని కేంద్రం 2018 డిసెంబరులో స్పష్టం చేయగా, 2019 ఫిబ్రవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, అంటే ఢిల్లీలోనో గురుగ్రామ్‌లోనో ఉన్న అమ్మకందారు మీద విజయనగరంలోనే ఫిర్యాదు చేయవచ్చు. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, అది షాపుకూ ఆన్‌లైన్‌కూ ఒకటే. ఇవన్నీ మంచివే. కానీ ఇవి సరుకు గురించి, ధర గురించి, ఫిర్యాదు గురించి మాట్లాడతాయి. పెట్టెకూ రోడ్డుకూ మధ్య జరగాల్సిన పని ఎవరిదన్నది మాత్రం కొనేవాడికీ ఊరి మెకానిక్కుకూ వదిలేసి ఉంది.

ఆ లోటును షాపులే తమకు తోచినట్టు పూడ్చుకుంటున్నాయి. బయట కొన్న సైకిలును ముట్టుకునేది లేదని చెప్పిన షాపులను నేను చూశాను. వచ్చిన పనిని కోపంతో తిప్పి పంపితే ఆ ఇంటివాళ్లు పంక్చరుకు కూడా మళ్లీ రారు కాబట్టి ఆ పట్టుదల ఎక్కువ రోజులు నిలవలేదు. ఇప్పుడు కొందరు ఫిట్టింగును విడి పనిగా ఒప్పుకొని, ముందే రేటు చెప్పి చేస్తున్నారు. ఈ మార్పు కొనేవారికి కూడా మేలేనని నేను నమ్ముతాను, ఎందుకంటే ఫోనులో కనిపించే తక్కువ ధరకు ఫిట్టింగు కూలి, ఆటో ఖర్చు కలిపి చూస్తేగాని షాపు ధరతో పోల్చడం కుదరదు.

ఆ ఆదివారం పెద్దాయన క్రాంకు మార్చి, ఫోర్కు సరిచేసి, చక్రం తిప్పి డిస్కు రాసుకోవడం లేదని చెవి పెట్టి విన్నారు. పిల్లవాడిని ఎక్కించి సీటు ఎత్తు చూసి, మడమ పెడలు మీద పెడితే మోకాలు నిటారుగా వచ్చేదాకా దించారు. తండ్రి డబ్బు లెక్కపెట్టి ఇస్తూ, నెల తర్వాత మళ్లీ చూపించాలా అని అడిగాడు. "ఇరవై రోజులకి తీసుకురండి, చువ్వలు సాగుతాయి" అన్నారు ఆయన. ఇది వరకు కొత్త సైకిలు కొన్నవాడికి చెప్పే మాటే అది. ఆ పని ఉచితమా, కూలిదా అని ఈసారి తండ్రి అడగలేదు, ఆయనా చెప్పలేదు.