పడమర గాలి ఉన్న రోజు చెత్త కాల్చొద్దు

మే నెలలో నెల్లూరు ప్రాంతంలోని ఉదయగిరి, రాపూరు వైపు కొండ పక్క ఊళ్లలో పొద్దున్నే గట్టు మీది ఎండుగడ్డిని వంచితే మెత్తగా వంగుతుంది. మధ్యాహ్నం రెండింటికి అదే గడ్డి పుటుక్కున విరుగుతుంది. కొన్ని దేశాల్లో ఫలానా రోజు ఆరుబయట మంట పెట్టకూడదని నిషేధం విధించేది ముఖ్యంగా ఈ తేడాను చూసే.

ఎండిన ఆకుకు వేళ్ల ఆసరా లేదు. గాలిలో తేమ ఉంటే పీల్చుకుంటుంది, లేకపోతే ఉన్నది వదిలేస్తుంది. సన్నటి గడ్డి గంటా రెండు గంటల్లో మారిపోతుంది, మొద్దులకైతే వారాలు పడుతుంది. అంటుకోవాలంటే ముందు లోపలి నీరు ఆవిరి కావాలి. కిలో నీటికి దాదాపు 2,260 కిలోజౌళ్లు ఖర్చు! ఎండుగడ్డి లోపలి తేమ పాతిక శాతం ఉంటే మంట సాగడం కష్టం. అయిదారు శాతానికి పడిపోయిందా, ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు.

నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ వానకు గడ్డి ఏపుగా పెరుగుతుంది. జనవరి దాటితే చినుకు అరుదు, వెలిగొండల అడవి ఆకు రాలుస్తుంది. అంటే వానలు బాగా పడ్డ ఏడాదే వేసవిలో కాలడానికి ఎక్కువ సరుకు పోగవుతుంది. కరువు ఏడాదికే భయపడాలనుకుంటే పొరపాటే.

పైగా పడమర గాలి. రాయలసీమ మీదుగా పొడిగా వచ్చి, వెలిగొండలు దిగేటప్పుడు ఒత్తిడికి ఇంకా వేడెక్కుతుంది. పొడిగాలి కిలోమీటరు కిందికి దిగితే వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. ఆ మేరకు సాపేక్ష తేమ, అంటే గాలి పట్టగలిగే తేమలో నిజంగా ఉన్న శాతం, పడిపోతుంది. సముద్రపు గాలి లోపలికి రాలేని పూట సాయంత్రమైనా తెరిపి ఉండదు.

1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం. ఫారెస్టు వాళ్లు వేసవికి ముందే ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసేసిన బాటలు, తీస్తారు. ఉపగ్రహం వేడిని పసిగడితే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోన్లకు మెసేజి వస్తుంది. అయితే అది మంట లేచాక వచ్చే కబురు. అడవి పక్క చేలో చెత్త కాలుస్తుంటే లేచే నిప్పురవ్వకు హద్దురాయి ఎక్కడుందో తెలియదు కదా.

ఏడాదంతా ‘నిప్పు పెట్టరాదు’ అనే బోర్డును ఎవరూ చదవరు. ‘ఈరోజు పడమర గాలి, ఎవరూ చేలో మంట పెట్టొద్దు’ అని ఊళ్లో మైకులో చెబితే వింటారని నా నమ్మకం. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఎలాగూ ఇస్తోంది. ఈ ఒక్క ముక్క వాటికి కలిపితే సరి. ముందురోజు రాత్రి కాల్చినవాళ్లకూ ఆ మాట చేరాలి. బూడిద కింద మిగిలిన నిప్పు మర్నాటి మధ్యాహ్నం గాలికి మళ్లీ రాజుకుంటుంది.