1933లో మూసుకున్న తలుపు

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హెడ్ కోచ్‌ల ఖాళీలు భర్తీ అయ్యే ప్రతిసారీ ఒకే ప్రశ్న లేస్తుంది: నల్లజాతి కోచ్‌లు ఇంత తక్కువెందుకు? 2022 ఫిబ్రవరిలో నల్లజాతి కోచ్ బ్రయాన్ ఫ్లోరెస్ నియామకాల్లో వివక్ష ఉందంటూ వేసిన దావాతో అది కోర్టుకెక్కింది. చర్చంతా మైనారిటీ అభ్యర్థులనూ ఇంటర్వ్యూ చేయాలన్న 2003 నాటి రూనీ నిబంధన చుట్టూనే తిరుగుతోంది. అసలు చూడాల్సింది 1933ను.

ఎందుకంటే అంతకుముందే ఈ లీగ్‌లో నల్లజాతి కోచ్ ఉన్నాడు. లీగ్ తొలి ఏడాది 1920లో ఆక్రన్ ప్రోస్ 8 గెలుపులు, 3 డ్రాలతో ఓటమి లేకుండా టైటిల్ కొట్టింది ఫ్రిట్జ్ పొలార్డ్ పరుగుల అండతోనే. బంతితో పరుగెత్తేవాడు, పాస్‌లు విసిరేవాడు, కిక్‌లు అందుకుని వెనక్కి తెచ్చేవాడు. 1921లో ఆడుతూనే కోచింగ్ బాధ్యతా పంచుకున్నాడు. అయినా ఆక్రన్‌లో యజమాని చుట్టల ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకుని, జట్టువాళ్లు పంపిన కారులో మైదానానికి రావాల్సి వచ్చేది. కింద పడేస్తే వెల్లకిలా తిరిగి కాళ్లు పైకెత్తేవాడు. మీద పడి కొట్టేవాళ్లకు బూట్ల అడుగున ఉన్న మేకులే అడ్డు.

1926తో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతని ఆట ముగిసింది. 1933లో మిగిలిన నల్లజాతి ఆటగాళ్లు ఇద్దరే: జో లిలార్డ్, రే కెంప్. కెంప్ ఆడింది ఆర్ట్ రూనీ పిట్స్‌బర్గ్ జట్టుకు. పైన చెప్పిన నిబంధనకు పేరిచ్చిన డాన్ రూనీ ఆయన కొడుకే. ఆ తర్వాత 12 సీజన్ల పాటు ఒక్కరూ లేరు. నిషేధమంటూ ఏదీ లేదని యజమానులు చెబుతూ వచ్చారు. రాతపూర్వకంగా ఏదీ బయటపడని మాట నిజమే. మరి 1939లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ జట్టును తన భుజాలమీద మోసిన కెన్నీ వాషింగ్టన్‌ను కాలేజీ ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ ఎందుకు తీసుకోలేదు?

1946లో రామ్స్ జట్టు క్లీవ్‌లాండ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు మారి, ప్రజల స్టేడియమైన కొలీసియం అడిగింది. ఆ మైదానం కావాలంటే నల్లజాతి ఆటగాళ్లకు చోటివ్వాలని నల్లజాతి పత్రికల వాళ్లు పట్టుబట్టాకే వాషింగ్టన్‌తో ఒప్పందం కుదిరింది. అప్పటికి అతనికి 27 ఏళ్లు, మోకాళ్లు దెబ్బతిన్నాయి.

కోచ్‌లు తయారయ్యేది ఆడినవాళ్లలోంచి, కోచ్‌ల చేతికింద పనిచేసిన సహాయకుల్లోంచి. పన్నెండేళ్లు ఆ వరసే తెగిపోయింది. పొలార్డ్ తర్వాత మరో నల్లజాతి వ్యక్తి, ఆర్ట్ షెల్, రైడర్స్ జట్టుకు హెడ్ కోచ్ అయ్యేసరికి 1989 వచ్చింది. పొలార్డ్ 1986లో పోయాడు. 92 ఏళ్లు బతికినా, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తన తర్వాతి నల్లజాతి హెడ్ కోచ్‌ను అతను చూడలేదు.