వీఏ టెలీహెల్త్ కాంట్రాక్టులు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఫెడరల్ కాంట్రాక్టుల మీద మన తెలుగువాళ్లకు ఈమధ్య ఆసక్తి బాగా పెరిగింది. ఐటీ కన్సల్టెన్సీలు నడిపేవాళ్లు, హెల్త్‌కేర్ స్టాఫింగ్ కంపెనీలవాళ్లు, సొంత ప్రాక్టీసు ఉన్న డాక్టర్లు, అందరూ అడిగేది ఒకటే: "వీఏలో టెలీహెల్త్ (వీడియో ద్వారా దూరం నుంచి వైద్యం) పని దొరుకుతుందంట కదా?" దొరుకుతుంది. మాజీ సైనికుల (వెటరన్ల) వైద్యం చూసే ఫెడరల్ విభాగమైన ఈ వీఏలో దాదాపు 90 లక్షల మంది పేర్లు నమోదై ఉన్నాయి. దేశంలోని వెటరన్లలో సుమారు నలుగురిలో ఒకరు పల్లెప్రాంతాల్లోనే ఉంటారు. దగ్గర్లో సైకియాట్రిస్టు దొరకని కౌంటీలు బోలెడు. అవసరానికి కొదవ లేదు.

ఈ కాంట్రాక్టులకు ప్రపోజల్స్ రాయడం, వచ్చాక నడపడం నా పని. బోల్తా పడే కంపెనీల్లో ఎక్కువ శాతం టెక్నాలజీ దగ్గర పడవు. వీఏ తరఫున పనిచేస్తున్నాం కాబట్టి వీఏకి ఉన్న వెసులుబాట్లన్నీ తమకూ ఉన్నాయనుకుని పడతాయి. కింద రాసిన అపోహల్లో చాలావరకు అక్కడి నుంచి పుట్టినవే.

అపోహ: వీఏ టెలీహెల్త్‌కు రాష్ట్రాల సరిహద్దులు లేవు. ఒక్క లైసెన్సు ఉంటే దేశమంతా చూడొచ్చు.

సగం నిజం కాబట్టే ఇది ప్రమాదం. "ఎనీవేర్ టు ఎనీవేర్" అని అందరూ పిలిచే నిబంధనను వీఏ 2018 మేలో ప్రకటించింది. ఆ జూన్‌లో వచ్చిన, వీఏ వైద్యానికి సంబంధించిన మిషన్ యాక్ట్ దానికి చట్టబలం ఇచ్చింది. ఏదో ఒక రాష్ట్రంలో లైసెన్సు ఉన్న వీఏ డాక్టరు, మరే రాష్ట్రంలో ఉన్న వెటరన్‌నైనా వీడియోలో చూడొచ్చు. కానీ అది వీఏ ఉద్యోగులకు ఇచ్చిన రక్షణ. కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు అందులోకి రారని ఆ నిబంధనే స్పష్టంగా చెప్పింది. మీ డాక్టరుకు, వీడియో కాల్ సమయంలో పేషెంట్ ఎక్కడ కూర్చున్నాడో ఆ రాష్ట్రం నియమాల ప్రకారం అనుమతి ఉండాలి.

ఇల్లు ఎక్కడుందన్నది లెక్క కాదు, ఆ క్షణాన మనిషి ఎక్కడున్నాడన్నదే లెక్క. మోంటానాలో ఇల్లున్న పెద్దాయన చలికాలం మూడు నెలలు అరిజోనాలో కొడుకు దగ్గర ఉంటాడనుకోండి. వీఏ ఉద్యోగి అయిన సైకియాట్రిస్టు ఏ ఆలోచనా లేకుండా అపాయింట్‌మెంట్ కొనసాగిస్తారు. మీ సైకియాట్రిస్టుకు మోంటానా లైసెన్సు ఒక్కటే ఉంటే ఆ కాల్ అక్కడితో ఆపాల్సిందే. బిడ్ వేసేటప్పుడు క్లినిక్ ఉన్న రాష్ట్రం లైసెన్సులే లెక్కేసుకుంటే మొదటి చలికాలంలోనే టెన్షన్ మొదలవుతుంది.

"కాంపాక్ట్ (లైసెన్సుల మీద రాష్ట్రాల మధ్య ఒప్పందం) ఉంది కదా" అంటారు. సైకాలజిస్టులకు సైప్యాక్ట్ నిజంగానే పనికొస్తుంది, సభ్య రాష్ట్రాల మధ్య ప్రాక్టీసు చేసుకోనిస్తుంది. డాక్టర్ల కాంపాక్ట్ అలాంటిది కాదు. అది లైసెన్సు తొందరగా ఇప్పిస్తుందే గానీ, ప్రతి రాష్ట్రం విడిగా లైసెన్సు ఇస్తుంది, విడిగా ఫీజు తీసుకుంటుంది. ఆ ఖర్చు మీ ధరలో ఉందా లేదా ముందే చూసుకోండి.

అపోహ: ఏదైనా పొరపాటు జరిగితే ఫెడరల్ ప్రభుత్వమే చూసుకుంటుంది.

వీఏ ఉద్యోగి మీద వైద్య నిర్లక్ష్యం ఆరోపణ వస్తే కేసు ప్రభుత్వం మీద నడుస్తుంది. ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ యాక్ట్ అందుకే ఉంది. మీ డాక్టరుకు ఆ కవచం ఉండదు. ఈ కాంట్రాక్టులు సాధారణంగా నాన్ పర్సనల్ సర్వీసెస్ కింద వస్తాయి, అంటే వైద్య నిర్ణయాల బాధ్యత మీది. మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ మీరే కట్టాలి, రుజువు కాంట్రాక్టింగ్ ఆఫీసరుకు (ప్రభుత్వం తరఫున కాంట్రాక్టు చూసే అధికారికి) చూపాలి. మీ పాలసీ టెలీహెల్త్‌కు, అన్ని రాష్ట్రాలకు వర్తిస్తుందో లేదో ఏజెంట్‌ను రాతపూర్వకంగా అడగండి. నోటిమాట చాలదు.

అపోహ: వీడియో విజిట్ అంటే లింకు పంపడమే.

మొదటి రెండు నిమిషాల్లో ఏం జరగాలో చూడండి. డాక్టరు ముందుగా "ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడుగుతారు. ఊరి పేరు చాలదు, అడ్రసు కావాలి. ఫోన్ కట్ అయితే తిరిగి చేయడానికి నంబరు, దగ్గర్లో ఉండే మనిషి పేరు కూడా. లైసెన్సు సంగతి పైన చెప్పాను. ఇంకో కారణం ఎమర్జెన్సీ నంబరు 911. మోంటానాలో ఉన్న వెటరన్ ఆత్మహత్య ఆలోచన బయటపెట్టాడు, లేదా ఛాతీలో నొప్పి అన్నాడు. ఫ్లోరిడాలో కూర్చున్న డాక్టరు తన ఫోన్ నుంచి 911 కొడితే అది ఫ్లోరిడాలోని స్థానిక కేంద్రానికే వెళ్తుంది. మోంటానా కౌంటీ షెరీఫ్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు. అందుకని వెటరన్ ఉన్న కౌంటీ డిస్పాచ్ (పోలీసులను, అంబులెన్సును పంపే కేంద్రం) పది అంకెల నంబరు డాక్టరు చేతిలో ముందే ఉండాలి. సిగ్నల్ కోసం కొండ మీదకు వెళ్లి ట్రక్కులో కూర్చుని మాట్లాడేవాళ్లుంటారు, వాళ్లకు అడ్రసే ఉండదు. ఏ రోడ్డు, ఏ మలుపు అని రాసుకోవాలి.

ప్రపోజల్‌లో ఎమర్జెన్సీ ప్లాన్ అనే భాగాన్ని చాలామంది పాత బిడ్ నుంచి కాపీ కొట్టి పెడతారు. వీఏ క్లినీషియన్లు ఉన్న మూల్యాంకన బృందం చదివేటప్పుడు అది ఇట్టే దొరికిపోతుంది. నా మాట వింటే, రంగు రంగుల ప్లాట్‌ఫాం బొమ్మలకు ఇచ్చే పేజీల్లో సగం దీనికివ్వండి.

అపోహ: పల్లెల్లో ఇంటర్నెట్ లేదు కాబట్టి అక్కడ టెలీహెల్త్ నడవదు.

కష్టమే, నడవకపోవడం మాత్రం కాదు. నెట్ లేని వెటరన్లకు డేటా కనెక్షన్‌తో సహా టాబ్లెట్ అప్పుగా ఇచ్చే ఏర్పాటు వీఏకి ఉంది. వెటరన్ల సంఘాల హాళ్లలో, దుకాణాల్లో తలుపు వేసుకుని మాట్లాడుకునే గదులు పెట్టే అట్లాస్ కార్యక్రమం ఉంది. అందులో మొదటిది మోంటానాలోని యురేకా అనే చిన్న ఊళ్లో వెటరన్ల సంఘం భవనంలో పెట్టారు. చిన్న వీఏ క్లినిక్‌కు వచ్చి, నర్సు పక్కన ఉండగా దూరాన ఉన్న స్పెషలిస్టుతో మాట్లాడటమనే పాత పద్ధతి ఎటూ ఉంది. ఇళ్ల ఇంటర్నెట్ బిల్లుకు సాయం చేసే ఫెడరల్ అఫోర్డబుల్ కనెక్టివిటీ పథకం మాత్రం 2024 జూన్ మొదట్లో ఆగిపోయింది. ఇప్పటికీ దాన్ని చూపించి బిడ్లు రాసేవాళ్లు ఉన్నారు, ఆశ్చర్యంగా.

ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒక్కటి: వెటరన్‌కు టాబ్లెట్‌లో మైకు పనిచేయకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? వీఏ హెల్ప్‌డెస్క్‌కా, మీకా? సొలిసిటేషన్‌లో (బిడ్లు పిలిచే ప్రకటనలో) రాసి లేకపోతే ప్రశ్నలు పంపే గడువులోపే అడగండి. అడగకపోతే ఆ ఫోన్లన్నీ మీ నర్సుకు వస్తాయి, ఆమె గంటలకు బిల్లు పెట్టే వీలుండదు.

అపోహ: బీపీ మెషీన్లు, టాబ్లెట్లు ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొని పంపేయొచ్చు.

ఇంటి దగ్గర బీపీ, బరువు, ఆక్సిజన్ చూసి రోజూ పంపే రిమోట్ మానిటరింగ్ పనుల్లో ఇది పెద్ద గుంట. నిర్ణీత విలువ దాటిన సరఫరాలకు 1979 నాటి ట్రేడ్ అగ్రిమెంట్స్ యాక్ట్ వర్తిస్తుంది. వస్తువు అమెరికాలో గానీ, జాబితాలో ఉన్న దేశంలో గానీ తయారై ఉండాలి. చైనా ఆ జాబితాలో లేదు, అది అందరికీ తెలుసు. వియత్నాం లేదు. ఇండియా కూడా లేదు! ఈ మాట చెప్పినప్పుడు మనవాళ్ల మొహాలు చూడాలి. "సాఫ్ట్‌వేర్ ఇక్కడే ఎక్కిస్తున్నాం కదా" అంటారు. తయారైపోయిన టాబ్లెట్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించినంత మాత్రాన దాని పుట్టిన దేశం మారదని అమెరికా కస్టమ్స్ విభాగం ఇదివరకే తేల్చింది. చిన్న వ్యాపారాలకు ప్రత్యేకించిన కాంట్రాక్టయితే ఈ చట్టం వర్తించదు, దాని చోట, అమెరికాలో తయారైన వస్తువులకు ప్రాధాన్యమిచ్చే బై అమెరికన్ యాక్ట్ వస్తుంది. తప్పించుకున్నామని సంబరపడనక్కర్లేదు.

హువావే, జెడ్‌టీఈ, హిక్‌విజన్, దాహువా లాంటి కంపెనీల పరికరాల మీద 2019 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో వచ్చిన నిషేధం వేరే. మీ ఆఫీసులో వాడే కెమెరాలకూ అది వర్తించవచ్చు, కాబట్టి గోడ మీదున్న కెమెరా బ్రాండు కూడా ఓసారి చూడండి.

అపోహ: ఒక వెటరన్‌ను పార్ట్‌నర్‌గా పెట్టుకుంటే పని అయిపోయినట్టే.

వీఏలో వెటరన్ల కంపెనీలకు ప్రాధాన్యం గట్టిగానే ఉంది. సరైన ధరకు చేయగల వెటరన్ కంపెనీలు రెండు ఉన్నాయని అనిపిస్తే పోటీని వాళ్లకే పరిమితం చేయాలన్న నియమం కాగితానికే కాదని 2016లో సుప్రీంకోర్టు కింగ్డమ్‌వేర్ కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. కానీ ఆ వెటరన్‌కు కనీసం 51 శాతం వాటా ఉండాలి, కంపెనీని రోజువారీ నడిపేది నిజంగా ఆయనే కావాలి. 2023 జనవరి నుంచి ఈ సర్టిఫికేషన్ ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలను చూసే ఫెడరల్ సంస్థ) ఇస్తోంది. పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అని తేలితే ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కింద ప్రభుత్వ నష్టానికి మూడింతలు కట్టాల్సి రావచ్చు. ఎవరైనా "ఓ వెటరన్‌ను చూసిపెట్టండి" అని నన్నడిగితే ఆ సంభాషణ అక్కడే ముగిస్తాను.

దీనికంటే తక్కువమందికి తెలిసింది ఇంకోటుంది. ఇలా ప్రత్యేకించిన సర్వీసు కాంట్రాక్టుల్లో, ప్రభుత్వం ఇచ్చే డబ్బులో 50 శాతానికి మించి మీకున్న సర్టిఫికేషన్ లాంటిది లేని సబ్‌కాంట్రాక్టర్లకు పోకూడదు. టెలీహెల్త్ డాక్టర్లు చాలామంది జీతం మీద ఉండరు, 1099 మీద, అంటే ఉద్యోగులుగా కాకుండా స్వతంత్రంగా పనిచేస్తారు. ఈ లెక్కలో 1099 డాక్టరు సబ్‌కాంట్రాక్టరే. డాక్టర్లందరినీ అలా పెట్టుకుంటే నియమం తప్పే ప్రమాదం ఉంది.

అపోహ: ఐదు కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చిందంటే ఐదు కోట్లు వచ్చినట్టే.

అది సీలింగ్, గరిష్ఠ పరిమితి. ఎంత పని అన్నది ముందే ఖరారు చేయని ఐడీఐక్యూ రకం కాంట్రాక్టుల్లో ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చేది అందులో రాసిన కనీస మొత్తానికే. మిగతాది టాస్క్ ఆర్డర్లు (విడివిడి పని ఆర్డర్లు) వస్తేనే. మొదటి ఏడాది తర్వాతి ఆప్షన్ ఏళ్లు తీసుకోవాలా వద్దా అన్నది కూడా వాళ్ల ఇష్టమే, మీది కాదు. సీలింగ్ చూసి డాక్టర్లను ముందే నియమించుకుంటే జీతాలు మీ జేబులోంచే పోతాయి. పైగా అవార్డు వచ్చిన మర్నాడే డాక్టరు పేషెంట్‌ను చూడలేరు. వెట్‌ప్రో అనే సిస్టమ్‌లో చదువు, లైసెన్సులు, పాత ఉద్యోగాలు, పాత కేసులు అన్నీ మూలాల నుంచి సరిచూస్తారు. ఆ తర్వాత ప్రివిలేజెస్ (ఏ వైద్యం చేయొచ్చో చెప్పే అనుమతి), బ్యాక్‌గ్రౌండ్ చెక్, కంప్యూటర్ యాక్సెస్. ఈ వ్యవధిలో ఒక్క పేషెంట్ లేడు, ఒక్క బిల్లు లేదు. బ్యాంకులో అన్ని నెలల ఖర్చు లేనివాళ్లు ప్రైమ్‌గా (అసలు కాంట్రాక్టరుగా) కాకుండా సబ్‌కాంట్రాక్టరుగా మొదలుపెట్టడమే మంచిది.

అపోహ: క్లినిక్ చీఫ్ మొదలెట్టమన్నారు, చాలు.

చాలదు. కాంట్రాక్టును మార్చే అధికారం కాంట్రాక్టింగ్ ఆఫీసరుది. ఆయన ప్రతినిధిగా ఉండే కోర్ పని చూస్తారు, రిపోర్టులు తీసుకుంటారు, అంతే. "వచ్చే వారం నుంచి ఇంకో క్లినిక్ కూడా చూసేయండి" అని చీఫ్ ప్రేమగా అన్నా, కోర్ తలూపినా, మాడిఫికేషన్ కాగితం రాకుండా చేసిన పని అనధికార హామీ కింద పడుతుంది. దాన్ని తర్వాత ఆమోదించే పద్ధతి ఉంది, అది నెలల బాధ. మర్యాద కోసం కాదనలేకపోతే అదేరోజు సాయంత్రం కాంట్రాక్టింగ్ ఆఫీసరుకు ఈమెయిల్ పెట్టి జవాబు వచ్చేదాకా ఆగండి.

అపోహ: అందరినీ బయటి డాక్టర్ల దగ్గరకు పంపేస్తున్నారు, ఇక వీఏ టెలీహెల్త్‌కు పనేముంది?

మిషన్ యాక్ట్ కింద ప్రైమరీ కేర్‌కు, మానసిక వైద్యానికి సగటున 30 నిమిషాలకు మించి, స్పెషలిస్టుకు 60 నిమిషాలకు మించి డ్రైవ్ చేయాల్సివస్తే వెటరన్‌కు బయట చూపించుకునే అర్హత వస్తుంది. పల్లెవాళ్లకు ఆ అర్హత తేలిగ్గానే వస్తుంది, కానీ బయట డాక్టరే ఉండడు. అందుకే రెండు దారులూ నడుస్తున్నాయి. మీకు రెండో దారి కూడా తెలిసి ఉండాలి: బయటి డాక్టర్ల కమ్యూనిటీ కేర్ నెట్‌వర్క్‌ను మొదటి మూడు రీజియన్లలో ఆప్టమ్, మిగతా రెండింట్లో ట్రైవెస్ట్ అనే కంపెనీలు నడుపుతున్నాయి. వాళ్ల నెట్‌వర్క్‌లో చేరితే వీఏతో నేరుగా బిడ్ అక్కర్లేదు, రేట్లు మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) రేట్లను అనుసరించి ఉంటాయి. లైసెన్సు విషయంలో మాత్రం ఇక్కడా అదే కథ, పేషెంట్ ఉన్న రాష్ట్రమే ముఖ్యం.

మిగిలినవి క్లుప్తంగా. పోటీ లేకుండా కాంట్రాక్టు ఇవ్వడం ఎప్పుడూ అక్రమమే అనుకోవద్దు, అనుబంధ మెడికల్ కాలేజీల నుంచి అలా తీసుకునే అధికారం వీఏకి చట్టంలోనే ఉంది. హైదరాబాద్ టీమ్‌తో రాత్రిపూట సపోర్ట్ నడిపిద్దామనుకుంటే సమాచార భద్రత నిబంధనలు ముందు చదవండి, విదేశాల నుంచి పేషెంట్ సమాచారం తాకడం దగ్గరే చాలా ప్లాన్లు ఆగిపోతాయి. బిల్లు పెట్టిన 30 రోజుల్లో డబ్బు రావాలని ప్రాంప్ట్ పేమెంట్ యాక్ట్ చెబుతుంది నిజమే, కానీ ఆ 30 రోజులు సక్రమమైన ఇన్వాయిస్ అందిన దగ్గర్నుంచి మొదలవుతాయి. పర్చేజ్ ఆర్డర్ నంబరులో ఒక అంకె తేడా ఉంటే అది తిరిగొస్తుంది, మళ్లీ ఒకటో రోజు.