'ఎవరది?' అన్న ప్రశ్నకు నాలుగు వందల ఏళ్లు

1638 ఇంగ్లండు. అర్ధరాత్రి వేళ విలియం లెవెట్ అనే గృహస్థును పనిమనిషి లేపింది: తలుపు దగ్గర చప్పుడవుతోంది, దొంగలు పడ్డట్టున్నారని. అతను కత్తి దూసుకుని కిందికి దిగాడు. ఆ పనిమనిషే తనకు సాయంగా ఫ్రాన్సిస్ ఫ్రీమన్ అనే ఆమెను యజమానికి చెప్పకుండా ఇంట్లో పెట్టుకుంది. ఆ సంగతి బయటపడుతుందన్న భయంతో ఆమెను సామాన్ల గదిలో దాచింది. ఆ గదిలో ఎవరో నక్కి ఉండటం చూసి లెవెట్ భార్య కేక పెట్టింది. అతను చీకట్లో ఆ గదిలోకి వెళ్లి, ముందున్నది ఎవరో తెలియకుండానే కత్తితో పొడిచాడు. ఫ్రీమన్ చనిపోయింది. తెలియక చేసిన పని కాబట్టి నేరం కాదని న్యాయమూర్తులు తేల్చారు.

ఇంట్లోకి వచ్చింది ఎవరో చూసుకోకుండా ఆయుధం వాడటం గురించి ఇవాళ తుపాకీ శిక్షణలో చెప్పేదంతా ఒకరకంగా ఆ తీర్పుకు ఎదురు సమాధానమే. ఆనాటి చట్టం చీకటిని సాకుగా ఒప్పుకుంది. ఆ సాకు ఎలా చెల్లకుండా పోయింది, ఎక్కడ ఇంకా చెల్లుతోంది అన్నదే ఈ కథ.

చీకటికి మినహాయింపు ఇవ్వడం లెవెట్‌తో మొదలు కాలేదు. బైబిల్ నిర్గమకాండము 22వ అధ్యాయంలోనే ఉంది: కన్నం వేస్తూ దొరికిన దొంగను రాత్రి కొడితే, వాడు చచ్చినా రక్తాపరాధం లేదు. సూర్యుడు ఉదయించాక అయితే ఉంది. క్రీ.పూ. 450 ప్రాంతపు రోమన్ల రాతపూర్వక చట్టం 'పన్నెండు పట్టికలు' కూడా రాత్రి దొంగను చంపడాన్ని తప్పు పట్టలేదు. 1604లో ఇంగ్లిష్ న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ నివేదించిన సెమేన్ కేసుతో 'ఎవరి ఇల్లు వారికి కోట' అన్న మాట ఇంగ్లిష్ చట్టంలో పాతుకుపోయింది. అమెరికాలో ఇవాళ్టికీ దీన్ని కోట సిద్ధాంతం అనే అంటారు.

అసలు రాత్రి అంటే ఏమిటి? 1769లో ఇంగ్లిష్ న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ చెప్పిన కొలత వింతగా ఉంటుంది. మనిషి ముఖం గుర్తుపట్టేంత పగటి వెలుగు, కనీసం సంధ్య వెలుగు ఉంటే అది రాత్రి దొంగతనం కిందికి రాదు. వెన్నెల లెక్కలోకి రాదు. అంటే చట్టం గడియారాన్ని చూడలేదు, ముఖం కనబడుతుందా లేదా అన్నదాన్నే చూసింది. కొవ్వొత్తి వెలిగించడానికి చెకుముకి కొట్టుకోవాల్సిన కాలంలో 'కనబడలేదు' అన్నది అబద్ధం కాదు మరి.

1899 జనవరిలో డేవిడ్ మైసెల్‌కు అమెరికాలో గొట్టం ఆకారపు విద్యుత్ టార్చ్‌కు పేటెంట్ వచ్చింది. అప్పటి బ్యాటరీలు ఏకధాటిగా కరెంటు ఇవ్వలేక, దీపం కాసేపు వెలిగి ఆరేది. ఫ్లాష్‌లైట్ అన్న పేరు అలా వచ్చిందే. ఆ కాసేపటి మెరుపు చాలు, గది మూలన ఉన్నది దొంగో, ఇంటి మనిషో తెలియడానికి. వెలుగు చేతిలోకి వచ్చాక, చీకటి సాకు నిజానికి ఆనాడే బలహీనపడాల్సింది. పడలేదు.

గుర్తుపట్టి కాల్చమనే క్రమశిక్షణ ఇళ్లలోంచి కాకుండా అడవిలోంచి వచ్చింది. పొద కదిలితే జింక అనుకుని కాల్చేయడం, తీరా చూస్తే తోటి వేటగాడు పడి ఉండటం పాత బాధే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1949లో కొత్త వేటగాళ్లకు భద్రతా శిక్షణ తప్పనిసరి చేసింది. కదలికను, చప్పుడును, రంగును బట్టి కాల్చొద్దు, మొత్తం జంతువు కనబడాలి అన్నది అక్కడి మూలపాఠం. వేటగాళ్లు ముదురు నారింజ చొక్కాలు తొడిగేది కూడా ఇందుకే. ఇంట్లో నిద్ర లేచి నీళ్లకోసం నడిచే పిల్లవాడికి ఆ చొక్కా ఉండదు.

దీన్ని పిస్తోలు శిక్షణలోకి తెచ్చి నాలుగు వాక్యాలకు కుదించినవాడు అమెరికా మెరైన్ దళంలో అధికారిగా పనిచేసిన జెఫ్ కూపర్. 1976లో ఆరిజోనాలో శిక్షణ కేంద్రం పెట్టాడు. ఆయన సూత్రాలు: ఏ తుపాకీ అయినా నిండి ఉన్నదనే భావించాలి. పాడుచేయడానికి సిద్ధపడని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో రూఢి చేసుకోవాలి. మొదటి మూడూ చేతికి అలవాటు చేయిస్తే వస్తాయి. నాలుగోది అలా రాదు. దానికి కళ్లు కావాలి, మెదడు మేలుకొని ఉండాలి.

రాత్రి 2 గంటలకు ఆ రెండూ సగం సగమే పనిచేస్తాయి. వెలుగులోంచి చీకట్లోకి వచ్చిన కంటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నిద్రలోంచి లేచినవారి కళ్లు చీకటికి అలవాటుపడే ఉంటాయి, కానీ ఒక్కసారి గది లైటు వేస్తే అదంతా పోతుంది. ఇంకో చిక్కుంది. రెటీనా నడిమధ్య, సూటిగా చూసే చోట, చీకట్లో పనిచేసే కణాలు ఉండవు. అందుకే మసక చీకట్లో నేరుగా చూసిన వస్తువు మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే తేలుతుంది. రంగులు తెలియవు. ఇంటివాళ్లను చొక్కా రంగుతో గుర్తుపట్టే అలవాటు అక్కడ పనికిరాదు. ఇక నిద్రమత్తు: లేచిన తర్వాత 15 నుంచి 30 నిమిషాల దాకా నిర్ణయశక్తి మందంగానే ఉంటుంది. ఈ లోటునంతా మెదడు ఊహతో పూరిస్తుంది. దొంగ అని లేచినవాడికి దొంగే కనబడతాడు. 2001లో మనస్తత్వ శాస్త్రవేత్త కీత్ పేన్ చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది: నల్లజాతి ముఖం క్షణంపాటు చూపించి ఆ వెంటనే ఏదైనా పనిముట్టు చూపితే, దాన్ని తుపాకీ అని పొరబడటం పెరిగింది.

దీనికి విరుగుడు వెలుగేనన్న మాట 1980ల నాటికి తుపాకీ పరిశ్రమకెక్కింది. పోలీసు షాట్‌గన్‌ల ముందు పిడికి, ఆపైన పిస్తోళ్ల కిందకి దీపాలు వచ్చి చేరాయి. 3 వోల్టుల లిథియం సెల్లు రెండు, జెనాన్ బల్బు, సుమారు 65 ల్యూమెన్లు (దీపం ఇచ్చే వెలుగుకు కొలత): చాలాకాలం అదే గొప్ప. ఎల్‌ఈడీలు వచ్చాక అంతే సైజు దీపం 500, 1000 ల్యూమెన్లు ఇస్తోంది. తుపాకీకి దీపం బిగించడంతో సమస్య తీరిందనుకోవడం మాత్రం పొరపాటు. దీపం ఎటు తిరిగితే గొట్టం అటే తిరుగుతుంది కాబట్టి, ఎవరో తెలియని మనిషిని చూడాలంటే ముందు వాళ్లకు గురిపెట్టాలి. అంటే నాలుగో సూత్రం కోసం రెండోది తప్పినట్టే. స్విచ్ ట్రిగ్గర్ దగ్గరగా ఉన్న నమూనాల్లో దీపం నొక్కబోయి తుపాకీ పేల్చిన ఘటనలు పోలీసుల్లోనే జరిగాయి. ఒక చెయ్యి బిగిస్తే రెండో చెయ్యి కూడా తెలియకుండా బిగుసుకోవడం శరీర ధర్మం.

అందుకే అనుభవమున్న శిక్షకులు చేతి టార్చ్ విడిగా ఉండాలంటారు. వెతకడానికి అది, నిర్ణయం అయ్యాక తుపాకీ దీపం. తుపాకీ దీపమే గతి అయితే గొట్టాన్ని నేలవైపు, మనిషి కాళ్లకు ముందు పడేలా ఉంచి వెలిగించాలి. తెల్లటి సున్నం గోడల గదిలో 500 ల్యూమెన్లు నేలకు తగిలి లేచినా ముఖమూ చేతులూ స్పష్టంగా కనబడతాయి. చేతులు ముందు చూడాలి, ఆ వెంటనే ముఖం. వేలు ట్రిగ్గర్ చట్రానికి బయటే ఉండాలి. దగ్గరి అద్దం మీదో తెల్ల తలుపు మీదో సూటిగా వెలుగు కొడితే అది తిరిగొచ్చి మన కళ్లనే మూసేస్తుంది. ఇది పగలు ఎవరికీ గుర్తురాదు, రాత్రి ఒకసారి ఖాళీ చేతులతో టార్చ్ పట్టుకుని ఇల్లంతా తిరిగితే తెలుస్తుంది.

వీటన్నిటికంటే చవకైన సాధనం గోడ మీద స్విచ్. దానికంటే చవకైనది గొంతు. 'ఎవరది?' అన్న ఒక్క కేకకు ఆలస్యంగా ఇంటికొచ్చిన కొడుకు జవాబిస్తాడు.

అయితే కేక కూడా రెండో మనిషికి అర్థమవ్వాలి. 1992 అక్టోబరులో లూసియానాలోని బేటన్ రూజ్‌లో, జపాన్ నుంచి చదువుకోవడానికి వచ్చిన 16 ఏళ్ల కుర్రాడు హాలోవీన్ విందుకని పొరపాటున వేరే ఇంటి ముందుకు వెళ్లాడు. ఇంటాయన .44 రివాల్వర్ పట్టుకుని కదలొద్దని అరిచాడు. కుర్రాడు విందుకు వచ్చామంటూ ముందుకే నడిచాడు, తూటా తగిలింది. 1993లో క్రిమినల్ జ్యూరీ ఇంటాయన్ను వదిలేసింది. మరుసటి ఏడు సివిల్ కోర్టు 6,50,000 డాలర్లు పైచిలుకు కట్టమంది. ఆ తేడా గమనించదగ్గది: నేరం కాకపోయినా, జాగ్రత్త తీసుకోలేదన్నది నిలబడింది.

2013 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పరుగుపందెపు ఆటగాడు ఆస్కార్ పిస్టోరియస్ మూసిన టాయిలెట్ తలుపులోంచి నాలుగు గుళ్లు పేల్చాడు. లోపల ఉన్నది అతని స్నేహితురాలు. దొంగ అనుకున్నానన్నాడు. లెవెట్ సామాన్ల గది మళ్లీ వచ్చినట్టే ఉంది, జవాబు మాత్రం మారింది. 2015 డిసెంబరులో దక్షిణాఫ్రికా అప్పీళ్ల సుప్రీంకోర్టు దాన్ని హత్యగా తేల్చింది: అంత ఇరుకు గదిలో తలుపు వెనక ఎవరున్నా చస్తారని తెలిసే పేల్చాడు, ఆ మనిషి ఎవరన్నది అనవసరం. పక్కమీద చెయ్యి వేసి తడిమితే తెలిసిపోయే సంగతి అది.

2013 ఫిబ్రవరిలోనే అమెరికా అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్, ఇబ్బంది వస్తే బాల్కనీలోకి వెళ్లి షాట్‌గన్ రెండుసార్లు పేల్చమని తన భార్యకు చెప్పానన్నాడు. తలుపులోంచి పేల్చమని ఇంకో ఇంటర్వ్యూలో సలహా ఇచ్చాడు. ఈ విషయం తెలిసినవాళ్లు తలపట్టుకున్నారు. ఆ ఏడాది నవంబరులో అమెరికాలోని మిషిగన్‌లో కారు ప్రమాదం తర్వాత తెల్లవారుజామున తలుపు తట్టిన 19 ఏళ్ల అమ్మాయిని ఒకాయన జాలితలుపులోంచి షాట్‌గన్‌తో కాల్చి, 2014లో జైలుకెళ్లాడు. 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో దారితప్పి వాకిట్లోకి మళ్లిన కారు మీద కాల్పులు జరిగి 20 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. కాల్చినవాడికి 25 ఏళ్ల నుంచి జీవితకాలం శిక్ష పడింది.

మరి 2005లో ఫ్లోరిడా తెచ్చి, తర్వాత చాలా రాష్ట్రాలు అనుసరించిన చట్టం సంగతి? బలవంతంగా ఇంట్లోకి చొరబడినవాణ్ని చూసి ప్రాణభయం కలిగిందని అది ముందే అనుకుంటుంది. గృహస్థుకు పెద్ద ఊరటే. కానీ లోపలికి వచ్చినవారికి ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంటే ఆ ఊరట వర్తించదని అందులోనే రాసి ఉంది. గుర్తుపట్టడం పొరబడితే సరిగ్గా ఆ రాత్రే చట్టం ఇచ్చిన గొడుగు మూసుకుంటుంది. ఆ చట్టాన్ని చాలామంది సగమే చదివారన్నది నా అభిప్రాయం.

ఇళ్లలో పనికొచ్చే క్రమం చిన్నదే. చప్పుడు వినగానే ఇంట్లోవాళ్లను లెక్కపెట్టాలి, చేత్తో తాకి మరీ. అందరినీ ఒకే గదిలోకి చేర్చి తలుపు వేసి, అత్యవసర నంబరుకు ఫోన్ చేసి లైనులోనే ఉండాలి. గదులు వెతుక్కుంటూ తిరగకూడదు. అందరూ తలుపుకు ఇటువైపు ఉంటే అటునుంచి వచ్చేది ఎవరన్న ప్రశ్న సగం తేలిపోతుంది. మిగతా సగానికి కేక, వెలుగు. ఆలస్యంగా వచ్చేవాళ్లు ముందు ఫోన్ చేయాలన్న నియమం అర్ధరాత్రి కాదు, పగలే పెట్టుకోవాలి.

కూపర్ నాలుగో సూత్రంలో రెండో సగం, వెనక ఏముందన్నది, ఎక్కువమంది వదిలేసేది. అమెరికా ఇళ్లలో లోపలి గోడ అంటే అరంగుళం జిప్సం పలకలు రెండు, మధ్యలో ఖాళీ. 9 ఎంఎం పిస్తోలు తూటా అలాంటి గోడలు ఒకటి కాదు, వరసగా కొన్నిటిని దాటుతుంది. ఎనిమిదో తొమ్మిదో ముతక గుళ్లున్న షాట్‌గన్ తూటా కూడా అంతే. షాట్‌గన్‌కు గురి అక్కర్లేదు, గదంతా పరుచుకుంటుందన్నది కట్టుకథ: గది దూరంలో గుళ్లు విడేది కొన్ని అంగుళాలే. కాబట్టి పగటి పూట, తుపాకీ లేకుండా, రాత్రి నిలబడబోయే చోట నిలబడి, తలుపు మీదుగా చూపు ఎక్కడికి వెళ్తుందో కొలుచుకోవాలి. ఆ గీత పిల్లల మంచం మీదుగా పోతే, నిలబడే మూల మార్చుకోవాలి, లేదా ఆ మంచాన్ని పక్క గోడకు జరపాలి.