పెన్నుకి పెన్సిల్ చుట్టం కాదు

ఇంగ్లీషు పాఠాలు చెబుతూ నేను తరచూ వినే మాట, "ఒకేలా ఉండి తికమక పెట్టే జంట పదాలకి బట్టీ తప్ప వేరే దారి లేదు" అని. నేను ఒప్పుకోను. పదం పుట్టుక తెలిస్తే సగం తికమక తీరుతుంది. పుట్టుక గురించి ఊహించుకున్నవే మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

అపోహ: ఒకేలా కనిపించే పదాలది ఒకే మూలం.

వాస్తవం: పెన్, పెన్సిల్ చూడండి. పెన్‌కి మూలం లాటిన్‌లో ఈక అని అర్థమిచ్చే 'పెన్నా'. ఈక మొన చెక్కి, సిరాలో ముంచి రాసేవారు కదా! పెన్సిల్‌కి మూలం 'పెనిసిల్లస్', అంటే చిన్న తోక. సన్నని కుంచెని అలా పిలిచేవారు. ఇంగ్లీషులో కూడా పెన్సిల్ అంటే మొదట కుంచే. దాని అసలు చుట్టం పెనిసిలిన్! 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గుర్తించిన ఆ మందు పెనిసిలియం అనే బూజు నుంచి వచ్చింది. మైక్రోస్కోప్‌లో ఆ బూజు కొసలు కుచ్చు కుంచెలా ఉంటాయి, పేరు అందుకే.

ఐలండ్, దీవి అనే అర్థమే ఉన్న ఐల్ (isle) కూడా అంతే, సంబంధం లేదు. ఐలండ్‌లో పలకని 'ఎస్' పాత ఇంగ్లీషులో లేనే లేదు. లాటిన్ నుంచి వచ్చిన ఐల్‌ని చూసి తర్వాత తగిలించారు.

అపోహ: అర్థాలు వేరైతే మూలాలూ వేరే.

వాస్తవం: 'కదలని' అనే అర్థంలో స్టేషనరీ, కాగితాలూ కలాల స్టేషనరీ ఒకే తల్లి బిడ్డలు. మధ్యయుగంలో ఊరూరా తిరిగి అమ్మకుండా, ఒకేచోట కొట్టు పెట్టుకున్న పుస్తకాల వ్యాపారిని స్టేషనర్ అన్నారు. అతని సరుకు స్టేషనరీ. స్టేషనర్ స్పెల్లింగ్‌లో చివరి 'ఆర్'కి ముందు 'ఈ' ఉంది, అతని సరుకులోనూ అదే 'ఈ'. కదలనిదానికి మాత్రం అక్కడ 'ఏ'.

అపోహ: అఫెక్ట్ ఎప్పుడూ క్రియే, ఎఫెక్ట్ ఎప్పుడూ నామవాచకమే.

వాస్తవం: చాలావరకు నిజమే, కానీ 'ఎప్పుడూ' అన్నదే తప్పు. రెండింటిలోనూ ఉన్నది 'చేయడం' అనే లాటిన్ ధాతువే. ఎఫెక్ట్‌లో దాని ముందు 'బయటికి' అనే ఉపసర్గ ఉంది. అందుకే 'ఎఫెక్ట్ ఎ చేంజ్' అంటే మార్పు జరిగేలా చేయడం. అఫెక్ట్ అని రాస్తే, ఉన్న మార్పు మీద ప్రభావం చూపడం అవుతుంది.

కొత్తలో ఒకమ్మాయి సరిగ్గా 'ఎఫెక్ట్ ఎ చేంజ్' అనే రాస్తే ఎర్ర సిరాతో కొట్టేశాను. ఇంటికెళ్ళి నిఘంటువు తీశాక మనసు చివుక్కుమంది. మర్నాడు ఆ నోటుబుక్ అడిగి తీసుకుని, నా దిద్దుబాటు కొట్టేసి, పక్కనే "నువ్వు రాసిందే ఒప్పు" అని రాసిచ్చాను.